ఆ గది తలుపు వెనుక: ఐస్ హాకీ లాకర్ రూమ్ గురించి పుకార్లు, నిజాలు



ఈ రోజు విషయం మనకి కాస్త దూరంది. హాకీ. హాకీ అనగానే మనకి ధ్యాన్‌చంద్ గుర్తొస్తారు, పచ్చటి మైదానం గుర్తొస్తుంది. నేను చెప్పబోయేది అది కాదు, మంచు మీద ఆడే హాకీ. కెనడాలో, అమెరికాలో ఉత్త ‘హాకీ’ అంటే అదే. మనం ఆడేదాన్ని వాళ్ళు ఫీల్డ్ హాకీ అంటారు.

ఇప్పుడు ఇది ఎందుకు ఎత్తుకున్నానంటే, మా చెల్లెలి కొడుకు బ్రాంప్టన్‌లో ఉంటాడు, టొరంటో పక్కన. వాడి కొడుక్కి పదకొండేళ్ళు. స్కూల్లో స్నేహితులంతా హాకీ ఆడుతున్నారు, నేనూ చేరతానని పట్టుబట్టాడట. మొన్న మావాడు ఫోన్ చేసి, “మావయ్యా, ఆట గురించి నాకు భయం లేదు. దెబ్బలు తగుల్తాయి, తగలనీ. కానీ ఆ డ్రెస్సింగ్ రూమ్ గురించి ఏవేవో వింటున్నాను. లోపల ఏం జరిగినా బయటికి చెప్పరంట కదా?” అని అడిగాడు. నేను ఇరవై ఏళ్ళుగా ఆ ఆట చూస్తున్నవాణ్ణి. అయినా వెంటనే జవాబు చెప్పలేకపోయాను. రెండు రోజులు కూర్చుని ఆలోచించాను. ఆ ఆలోచించిందే ఇవాళ మీకు చెప్తున్నాను.

ముందు ఆ గది ఏమిటో చూద్దాం. ఎన్‌హెచ్‌ఎల్ అని ఉత్తర అమెరికా పెద్ద లీగ్, 32 జట్లు. మ్యాచ్ అంటే 20 నిమిషాల చొప్పున మూడు పీరియడ్లు, మధ్యలో రెండు విరామాలు. ఆ విరామాల్లో ఆటగాళ్ళు వెళ్ళి కూర్చునే గదే లాకర్ రూమ్. కెనడా వాళ్ళు డ్రెస్సింగ్ రూమ్ అంటారు. ఆటగాళ్ళయితే అదీ అనరు, ఒక్క ముక్కలో ‘రూమ్’ అంటారు. “అతను రూమ్‌లో మంచివాడు” అంటే పెద్ద మెచ్చుకోలు. గోల్స్ ఎక్కువ కొట్టకపోయినా ఆ ఒక్క మాట వల్ల కాంట్రాక్టు దొరికినవాళ్ళు ఉన్నారు. “రూమ్‌లో సరిపడడు” అన్నారంటే మాత్రం, ఎంత ఆటగాడైనా పై వాళ్ళు రెండుసార్లు ఆలోచిస్తారు. అంటే ఆ గదిలో మీకున్న పేరుకి డాలర్లలో విలువ ఉందన్నమాట. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

టీవీలో మీరు చూసే గది ఒకటుంటుంది. చుట్టూ వరసగా చెక్క అరలు, అర మీద పేరు పలక, మధ్యలో నేల మీద పెద్ద జట్టు గుర్తు. విలేకరులు మైకులు పట్టుకుని వస్తారు, ఆటగాడు తువ్వాలు మెడలో వేసుకుని “మేం ఒక్కో మ్యాచ్‌నీ చూసుకుంటూ వెళ్తున్నాం” అని అరిగిపోయిన రికార్డు వేస్తాడు. ఆ గది హాలు లాంటిది. చుట్టాలొస్తే కూర్చోబెట్టే హాలు. అసలు ఇల్లు దాని వెనకుంటుంది. ఆటగాళ్ళు తిని పడుకునే లాంజ్, కాళ్ళకి కట్లు కట్టే ఫిజియో గది, ఇవన్నీ లోపలే. అక్కడికి విలేకరికి ప్రవేశం లేదు. మనకి వార్తలొచ్చేది హాల్లోంచి, సంగతులు జరిగేది వంటింట్లో.

ఆ నేల మీద గుర్తు ఉందన్నాను కదా, దాన్ని తొక్కకూడదు. చాలా జట్లలో ఇది ఆచారం. 2013లో చికాగో బ్లాక్‌హాక్స్ కప్పు గెలిచాక, పాటలు పాడే జస్టిన్ బీబర్ వాళ్ళ రూమ్‌కి వెళ్ళి, సరిగ్గా ఆ గుర్తు మీద నిలబడి ఫొటో దిగాడు. అభిమానులు అగ్గిమీద గుగ్గిలమయ్యారు. అతను కెనడావాడే, పైగా హాకీ అంటే పిచ్చి ఉన్నవాడు. అయినా వదల్లేదు. గుడికి చెప్పులేసుకుని వెళ్ళినట్టు చూశారు.

ఇలాంటి ఆచారాలు సరదాగానే ఉంటాయి. కొత్త కుర్రాడు మొదటి మ్యాచ్‌కి వస్తే, వార్మప్‌కి అతన్నే ముందు మంచు మీదకి పంపి, మిగతావాళ్ళు తలుపు దగ్గర ఆగిపోతారు. పాపం ఆ కుర్రాడు వెనక్కి చూస్తే ఎవరూ ఉండరు. వేలమంది చూస్తుండగా ఒక్కడే చుట్టు కొట్టాలి. తల్లిదండ్రులు గ్యాలరీలో కళ్ళు తుడుచుకుంటూ వీడియో తీస్తుంటారు. ముద్దుపేర్లు పెట్టడం ఒకటి, అందరి పేర్ల చివరా ‘సీ’ అనో ‘ఎర్’ అనో తగిలిస్తారు. ఆలస్యంగా వచ్చినవాడికి జరిమానా, ఆ డబ్బుతో సీజన్ చివర విందు. కొత్తవాళ్ళు అందరికీ పెద్ద హోటల్లో భోజనం పెట్టించి బిల్లు కట్టడం, దాన్ని ‘రూకీ డిన్నర్’ అంటారు. ఆ బిల్లు చూసి నవ్వినవాళ్ళున్నారు, లోపల ఏడ్చినవాళ్ళూ ఉండి ఉంటారు. నా దృష్టిలో ఇవి తప్పేం కాదు. ఎనిమిది నెలలు కలిసి తిరిగేవాళ్ళు ఆ మాత్రం ఆటపట్టించుకోకుండా ఉంటారా?

మరి పుకార్లు ఎక్కడ పుడతాయి? “రూమ్‌లో మాట రూమ్‌లోనే ఉండాలి” అన్నది అక్కడ మొదటి సూత్రం. మనకీ తెలియందేం కాదు, ఇంటి గుట్టు లంకకు చేటు అంటాం కదా. కానీ గట్టిగా మూసిన తలుపు బయట నిలబడ్డవాడు ఊరుకోడు, ఊహిస్తాడు. పైగా అక్కడ వార్త కోసం ఎదురుచూసే పత్రికలు, రేడియోలు, పాడ్‌కాస్ట్‌లు వందలున్నాయి. లోపలివాళ్ళు ఏమీ చెప్పకపోతే, గాలి కబురే వార్త అవుతుంది.

ఒక ఉదాహరణ చెప్తాను. 2011 జూన్ 23. ఫిలడెల్ఫియా ఫ్లయర్స్ ఒకే రోజు ఇద్దరు పెద్ద ఆటగాళ్ళని అమ్మేసింది. ఒకడు కెప్టెన్ మైక్ రిచర్డ్స్, రెండోవాడు జెఫ్ కార్టర్. ఎందుకని ఊరంతా గగ్గోలు. కొద్ది రోజులకే ఒక పత్రికలో కథ వచ్చింది. కోచ్ పీటర్ లావియొలెట్ ఆటగాళ్ళందరినీ ఒక నెల మందు మానేయమన్నాడట, ఒప్పుకున్నవాళ్ళు తమ జెర్సీ నంబరు బోర్డు మీద రాయాలట, దానికి ‘డ్రై ఐలాండ్’ అని పేరు. అంటే చుక్క మందు దొరకని దీవి అనుకోండి. వీళ్ళిద్దరి నంబర్లూ బోర్డు మీద లేవట. అంతే! తాగుబోతులు కాబట్టి తరిమేశారు అని జనం తేల్చేశారు.

అందులో నిజం ఎంత? బోర్డు నిజం. కానీ అమ్మకానికి కారణం అది కాదని యాజమాన్యం చెప్తూనే ఉంది. అదే రోజు వాళ్ళు ఇల్యా బ్రిజ్‌గాలోవ్ అనే గోల్‌కీపర్‌తో 9 ఏళ్ళకి 5 కోట్ల 10 లక్షల డాలర్ల ఒప్పందం కుదుర్చుకున్నారు. జీతాల మీద పరిమితి ఉన్న లీగ్‌లో ఆ డబ్బుకి చోటు ఎక్కడినుంచి రావాలి? ఈ లెక్క అందరి కళ్ళముందే ఉంది. కానీ లెక్క కన్నా మందు కథ రుచిగా ఉంటుంది కదా! తర్వాత ఏమైందంటే, ఆ ఇద్దరూ లాస్ ఏంజిలిస్ కింగ్స్ జట్టులో మళ్ళీ కలిశారు. 2012లో స్టాన్లీ కప్పు ఎత్తారు, 2014లో మళ్ళీ ఎత్తారు. ఫిలడెల్ఫియాకి 1975 తర్వాత ఆ కప్పు దక్కనే లేదు.

ఈ కథ విని, అయితే రూమ్ పుకార్లన్నీ చెత్తే అనుకుంటారేమో. తొందరపడకండి.

వాంకూవర్ సంగతి చూడండి. జె.టి. మిల్లర్, ఎలియాస్ పెటర్సన్, ఇద్దరూ ఆ జట్టుకి రెండు కళ్ళు. వాళ్ళిద్దరికీ పడటం లేదని పుకారు. అడిగితే ఇద్దరూ కాదన్నారు, అదంతా మీడియా సృష్టి అన్నట్టు మాట్లాడారు. అభిమానులు కూడా విలేకరుల్నే తిట్టారు. 2025 జనవరి చివర్లో ఏమైంది? ఆ జట్టు అధ్యక్షుడు జిమ్ రదర్‌ఫోర్డ్ స్వయంగా ఒక జాతీయ పత్రికకి చెప్పేశాడు, ఇద్దరి మధ్య గొడవ ఉన్నది నిజమే, సర్దడానికి అన్ని విధాలా చూశాం, దారి కనపడటం లేదు అని. కొద్ది రోజుల్లోనే, జనవరి 31న, మిల్లర్‌ని న్యూయార్క్ రేంజర్స్‌కి పంపేశారు. నెలల తరబడి అబద్ధమన్న మాట మూడు రోజుల్లో నిజమైపోయింది.

ఇందులో పెద్ద పాపమేం లేదండి. ఇద్దరు మనుషులకి పడలేదు, మన ఆఫీసుల్లో పడనట్టే. అసలు కథ ఇప్పుడు మొదలవుతుంది, ఎందుకంటే వచ్చే కథలో లోపలి మాటకీ బయటి మాటకీ మధ్య చిన్నవాళ్ళు నలిగారు.

మైక్ బాబ్‌కాక్ అని పెద్ద కోచ్. 2008లో డెట్రాయిట్‌కి కప్పు తెచ్చాడు, 2010లో, 2014లో కెనడాకి ఒలింపిక్ స్వర్ణం తెచ్చాడు. 2015లో టొరంటో అతనికి 8 ఏళ్ళకి 5 కోట్ల డాలర్లు ఇచ్చింది. అలాంటివాడి ముందు ఒక పంతొమ్మిదేళ్ళ కుర్రాడు, మిచ్ మార్నర్, మొదటి సీజన్. కోచ్ అతన్ని పిలిచి, జట్టులో బాగా కష్టపడేవాడి దగ్గర్నుంచి అస్సలు కష్టపడనివాడి దాకా వరసగా జాబితా రాసివ్వమన్నాడు. కుర్రాడు ఏం చేస్తాడు? రాసిచ్చాడు. తమ మధ్యే ఉంటుందనుకున్నాడు. ఆ కోచ్ వెళ్ళి, జాబితాలో అడుగున ఉన్న సీనియర్లకి ఆ విషయం చెప్పేశాడు!

ఒక్క నిమిషం ఆ కుర్రాడి స్థానంలో ఉండి చూడండి. మర్నాడు పొద్దున్న అదే రూమ్‌లోకి వెళ్ళాలి. అదే అర ముందు కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకోవాలి. ఆ సీనియర్లు మంచివాళ్ళు, కుర్రాడి మీద కాక కోచ్ మీద కోపం పెట్టుకున్నారు. అక్కడ రూమ్ మంచి పనే చేసింది, ఒప్పుకోవాలి. కానీ ఈ సంగతి బయటికి ఎప్పుడొచ్చింది? 2019 నవంబర్‌లో, కోచ్ ఉద్యోగం పోయాక. ఉద్యోగంలో ఉన్న మూడేళ్ళూ ఎవరూ నోరెత్తలేదు. బయటపడ్డాక బాబ్‌కాక్ కూడా చేసింది ఒప్పుకుని, కుర్రాడికి అప్పుడే క్షమాపణ చెప్పానన్నాడు.

తర్వాత 2023లో కొలంబస్ బ్లూ జాకెట్స్ అతన్ని మళ్ళీ తీసుకుంది. సీజన్ ఇంకా మొదలు కాలేదు. సెప్టెంబర్‌లో ఒక పాడ్‌కాస్ట్‌లో పాల్ బిసొనెట్ అనే మాజీ ఆటగాడు ఒక మాట బయటపెట్టాడు, కొత్త కోచ్ ఆటగాళ్ళని పిలిచి మీ ఫోన్లో ఫొటోలు చూపించండి అంటున్నాడని. అదే రోజు జట్టు ప్రకటన ఇచ్చింది. అది పూర్తిగా వక్రీకరణ, కుటుంబాల గురించి తెలుసుకోవడానికే అడిగాను అన్నాడు కోచ్. కెప్టెన్ బూన్ జెన్నర్ కూడా, నా కుటుంబం ఫొటోలు చూపించాను, అందులో తప్పేం లేదు అన్నాడు.

అక్కడితో చాలామంది పుకారు తేలిపోయిందనుకున్నారు. నిజం చెప్పాలంటే నేనూ అనుకున్నాను. కెప్టెనే చెప్పాడు కదా, ఇంకేం కావాలి? ఆ బిసొనెట్ నవ్వించడానికి ఏదో ఒకటి అంటుంటాడు, మొన్నటి కబురు కూడా అలాంటిదే అనుకుని వదిలేశాను. కానీ ఆటగాళ్ళ సంఘం వదల్లేదు. కొలంబస్ వెళ్ళి ఒక్కొక్కళ్ళతో విడిగా మాట్లాడింది. అప్పుడు తేలింది, కెప్టెన్‌కి అది మామూలు కబుర్లే. కానీ జట్టులో చోటు ఖాయం కాని ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళకి అది మామూలుగా అనిపించలేదు. పెద్ద కోచ్ ఫోన్ చూపించమంటే ఇష్టం లేదని ఎలా అంటారు? సెప్టెంబర్ 17న బాబ్‌కాక్ రాజీనామా చేశాడు. ఒక్క మ్యాచ్ కూడా ఆడించకుండానే.

కెప్టెన్ అబద్ధం చెప్పలేదండి. అతనికి జరిగింది అతను చెప్పాడు. ఒకే గదిలో ఉన్నా, గోడకి ఇటు చివర కూర్చున్నవాడి నిజం వేరు, అటు చివర కూర్చున్నవాడి నిజం వేరు. మనం ఎప్పుడూ పేరున్నవాడి మాటే తీసుకుంటాం, మైకు అతని ముందే ఉంటుంది కాబట్టి.

ఇక ర్యాగింగ్. మనకి ఈ మాట వివరించక్కర్లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే దీని మీద చట్టం తెచ్చుకున్నాం, అంటే ఎంత బాధ పడితే తెచ్చుకుని ఉంటామో. హాకీలో ఇది ఎక్కువగా పెద్ద లీగ్‌లో కాదు, జూనియర్ లీగుల్లో. పదహారేళ్ళ పిల్లలు ఇల్లు వదిలి వేరే ఊళ్ళో, ఎవరో ఒక కుటుంబం ఇంట్లో ఉండి ఆడతారు. అకిమ్ అలియు అని ఒక కుర్రాడు, నైజీరియాలో పుట్టాడు, యుక్రెయిన్‌లో పెరిగాడు, కెనడా వచ్చాడు. 2005లో విండ్సర్ జట్టులో చేరితే, కొత్త పిల్లల్ని బట్టలు విప్పించి బస్సు టాయిలెట్‌లో కుక్కారు. అతను ఒప్పుకోలేదు. తర్వాత ప్రాక్టీసులో ఒక సీనియర్ చేతిలో పళ్ళు విరిగాయి. ఆ విషయం మీద లీగ్ కోచ్‌ని సస్పెండ్ చేసింది. అయితే అలియుకి మిగిలిన పేరు ఏమిటో తెలుసా? “గొడవ మనిషి.” “రూమ్‌లో సరిపడడు.” ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాట ఇదే.

నాలుగేళ్ళ తర్వాత, 2009–10 సీజన్‌లో, అతను చికాగో వాళ్ళ కింది స్థాయి జట్టు రాక్‌ఫర్డ్‌లో ఆడుతున్నాడు. రూమ్‌లో పాటలు పెడితే కోచ్ బిల్ పీటర్స్ లోపలికొచ్చి, నల్లజాతి వాళ్ళని హీనపరిచే మాట వాడి ఆ పాటలు ఆపమన్నాడు. ఎదురు చెప్పినందుకు తనని ఇంకా కింది లీగ్‌కి పంపించారని అలియు చెప్తాడు. ఈ సంగతి అందరికీ తెలిసింది 2019 నవంబర్‌లో. పదేళ్ళు! అప్పటి సహ ఆటగాళ్ళు ఇద్దరు నిజమేనన్నారు. పీటర్స్ అప్పుడు కాల్గరీ కోచ్, ఆ మాట అన్నానని ఒప్పుకుని రాజీనామా చేశాడు. గదినిండా మనుషులున్నారు, విన్నారు. పదేళ్ళలో అది పుకారుగా కూడా బయటికి రాలేదు.

అన్నిటికన్నా బరువైన కథ చికాగోది. పిల్లలు పక్కనుంటే కాస్త చూసుకోండి, లైంగిక వేధింపుల ప్రస్తావన ఉంటుంది.

2010 వసంతం. బ్లాక్‌హాక్స్ జట్టు 1961 తర్వాత కప్పు ముఖం చూడలేదు. ఈసారి దగ్గరికొచ్చింది. ప్లేఆఫ్స్ వచ్చినప్పుడు కింది జట్టు నుంచి కొందరు కుర్రాళ్ళని అదనంగా పిలిపించుకుంటారు, ప్రాక్టీసుకి. వాళ్ళలో ఒకడు కైల్ బీచ్, ఇరవై ఏళ్ళు, 2008లో మొదటి రౌండ్‌లో ఎంపికైనవాడు. జట్టు వీడియో కోచ్ బ్రాడ్ అల్డ్రిచ్ తన మీద లైంగిక దాడి చేశాడని, నోరెత్తితే ఆట లేకుండా చేస్తానని బెదిరించాడని బీచ్ చెప్పాడు. అది ఇద్దరి ఇష్టంతో జరిగిందని అల్డ్రిచ్ అన్నాడు.

మే 23న జట్టు శాన్ హోసేని ఓడించి ఫైనల్‌కి చేరింది. ఆ మ్యాచ్ అయిన గంటలోపే పై అధికారులు ఒక గదిలో కూర్చున్నారు. అధ్యక్షుడు, జనరల్ మేనేజర్ స్టాన్ బౌమన్, హెడ్ కోచ్ జోయెల్ క్వెన్‌విల్, ఇంకా కొందరు. విషయం వాళ్ళ ముందుకొచ్చింది. ఇంత దూరం రావడం ఎంత కష్టమో, ఇప్పుడు ఇది పెట్టుకోలేం అన్నట్టు కోచ్ మాట్లాడాడని బౌమన్ తర్వాత దర్యాప్తులో చెప్పాడు. మూడు వారాలు ఎవరూ కదల్లేదు. జూన్ 9న కప్పు గెలిచారు. ఆ తర్వాత అల్డ్రిచ్‌ని పిలిచి, దర్యాప్తు కావాలా, రాజీనామా కావాలా అన్నారు. రాజీనామా చేశాడు. బోనస్ తీసుకున్నాడు. కప్పు మీద పేరు చెక్కించుకున్నాడు. ఆచారం ప్రకారం ఒక రోజు కప్పుని సొంత ఊరికి కూడా తీసుకెళ్ళాడు.

ఈ మధ్యలో రూమ్ ఏం చేసింది? ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఆ ఏడాది శిక్షణ శిబిరానికి వెళ్తే, ఆటగాళ్ళు కొందరు ఆ విషయం మీదే తనని వెక్కిరించారని, రూమ్‌లోనూ మంచు మీదా ఆ మాటలు అన్నారని, కాబట్టి అందరికీ తెలుసనే తాను నమ్ముతానని బీచ్ చెప్పాడు. కెప్టెన్ జోనాథన్ టేవ్స్ మాత్రం, ఆ శిబిరం నాటికి గానీ తాను వినలేదన్నాడు. ఎవరికి ఎప్పుడు తెలిసిందన్నది పక్కన పెడదాం. తెలిసినవాళ్ళకి అది ఒక కుర్రాడికి జరిగిన అన్యాయంగా కాకుండా, ఆటపట్టించడానికి పనికొచ్చే సరుకుగా కనిపించింది. ఇందాక నేను నవ్వుతూ చెప్పానే, ముద్దుపేర్లు, వేళాకోళాలు అని. ఆ అలవాటే ఇక్కడికి కూడా వచ్చింది. నేను ఇందాక ‘ఇవి తప్పేం కాదు’ అన్నాను. ఇప్పటికీ అంటాను. కానీ ఈ కథ గుర్తొచ్చినప్పుడు ఆ మాట అంత ధీమాగా నోట్లోంచి రాదు.

2021 అక్టోబర్ 26న న్యాయవాదుల నివేదిక బయటికొచ్చింది. అందులో బీచ్ పేరు లేదు. మర్నాడు అతనే కెనడా టీవీ ముందుకొచ్చి, ఆ మనిషిని నేనే అని చెప్పాడు. అల్డ్రిచ్ ఆ తర్వాత మిషిగన్‌లో ఒక మైనర్ విషయంలో నేరం ఒప్పుకుని జైలుకెళ్ళాడు. ఆ రోజు ఇంటర్వ్యూలో బీచ్, ఆ పిల్లవాడికి క్షమాపణ చెప్పాడు, నేను ఇంకా గట్టిగా చెప్పి ఉంటే నీకు ఇలా జరిగేది కాదేమో అన్న బాధతో. ఎవరు ఎవరికి క్షమాపణ చెప్పాలండీ!

లీగ్ ఆ జట్టుకి 20 లక్షల డాలర్ల జరిమానా వేసింది. బౌమన్ దిగిపోయాడు. క్వెన్‌విల్, అంతకుముందు జులైలో నాకు ఇదంతా మీడియాలోనే తెలిసింది అన్న మనిషి, ఫ్లోరిడా ఉద్యోగానికి రాజీనామా చేశాడు. కప్పు మీద అల్డ్రిచ్ పేరు అక్షరం అక్షరం మీదా ‘ఎక్స్’ కొట్టించారు. అంతకుముందు 1984లో ఎడ్మంటన్ యజమాని, జట్టుతో సంబంధం లేని తన తండ్రి పేరు చెక్కిస్తే ఇలాగే కొట్టేశారు. ఆ కప్పు చూడటానికి వెళ్తే రెండూ కనిపిస్తాయి. 2024 జులైలో లీగ్ వాళ్ళకి మళ్ళీ పని చేసుకోవడానికి అనుమతిచ్చింది. బౌమన్‌ని ఎడ్మంటన్, 2025లో క్వెన్‌విల్‌ని ఆనాహైమ్ తీసుకున్నాయి. మారారా లేదా అన్నది నేను చెప్పలేను. గెలిపించేవాడికి తలుపు తెరుచుకుంటుంది, అంతవరకు కనిపిస్తోంది.

ఇది విని రూమ్ అంటేనే నరకం అనుకోకండి, అదీ ఒక పుకారే. ల్యూక్ ప్రోకాప్ అని నాష్‌విల్ జట్టు ఎంపిక చేసుకున్న కుర్రాడు, 2021 జులైలో తాను గే అని బహిరంగంగా చెప్పాడు. ఎన్‌హెచ్‌ఎల్ కాంట్రాక్టు చేతిలో ఉండగా అలా చెప్పిన మొదటివాడు అతనే. రూమ్‌లో బతకనిస్తారా అని బయట చాలామంది భయపడ్డారు. జట్టువాళ్ళు తనకి అండగా నిలిచారని అతనే చెప్పాడు. కుర్రాళ్ళు మనం అనుకున్నంత చెడ్డవాళ్ళు కాదు. పైవాడు ఎలా ఉంటే వాళ్ళు అలా ఉంటారు, అని నాకనిపిస్తుంది.

జూనియర్ లీగుల మీద 2022లో బయటికొచ్చిన స్వతంత్ర నివేదిక కూడా అక్కడ మౌనమే కట్టుబాటుగా నడుస్తోందని చెప్పింది. ఆ కమిటీలో షెల్డన్ కెనడీ ఉన్నాడు. జూనియర్ ఆడే రోజుల్లో తన కోచ్ తనని ఏళ్ళ తరబడి లైంగికంగా హింసించాడని బయటపెట్టి, 1997లో ఆ కోచ్‌ని జైలుకి పంపినవాడు. పాతికేళ్ళ తర్వాత కూడా అదే మాట రాయాల్సి వచ్చింది.

సరే, మావాడి సంగతి. ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. “అయితే చేర్పించొద్దంటావా మావయ్యా?” అన్నాడు. చేర్పించు అన్నాను. ఇప్పుడు పిల్లల జట్లకి హాకీ కెనడా నియమాలు పెట్టింది. పిల్లలు లోపలి దుస్తుల మీద పలచటి జత వేసుకునే డ్రెస్సింగ్ రూమ్‌లోకి రావాలి, గదిని చూసుకోవడానికి తనిఖీ అయిన పెద్దవాళ్ళు ఇద్దరు ఉండాలి, లోపల ఫోన్లో ఫొటోలు, వీడియోలు తీయకూడదు. వెళ్ళి అడుగు, ఈ ఇద్దరూ ఎవరు, వాళ్ళ పేర్లేంటి అని అడుగు. అడిగితే కోచ్ మొహం ఎలా పెడతాడో చూడు. ఇంటికొచ్చాక పిల్లవాణ్ణి ఎన్ని గోల్స్ కొట్టావని అడిగే ముందు, ఇవాళ రూమ్‌లో ఎవరిని ఆటపట్టించారు అని అడుగు, అన్నాను.

నిన్న రాత్రి మళ్ళీ ఫోన్ చేశాడు. అడిగాడట. కోచ్ పేర్లు చెప్పి, ఇద్దరిలో ఒకరు ఈ సీజన్ రావట్లేదు, మీకు వీలవుతుందా అన్నాడట. మావాడు ఇప్పుడు పోలీసు తనిఖీ కాగితాలు నింపుతున్నాడు. మంచు మీద నిలబడటం రాదు వాడికి, డ్రెస్సింగ్ రూమ్ కాపలా మాత్రం చేస్తాడట.